చర్చి మందిరం మీద దాడి జరిగితే పోలీస్ స్టేషన్‌లో ఏం రాసి ఇవ్వాలి

మందిరం మీద రాళ్లు పడినా, ప్రార్థన కూడిక మధ్యలో ఎవరైనా వచ్చి మైకు లాగేసినా ముందు 112కి ఫోన్ చెయ్యండి. ఫేస్‌బుక్ లైవ్ తర్వాత పెట్టుకోవచ్చు. ఆ ఫోన్ ఏ టైముకి వచ్చిందో వాళ్ల దగ్గర నమోదవుతుంది. రేపు "అసలు గొడవే జరగలేదు" అని ఎవరైనా అంటే అది పనికొస్తుంది.

నేను రాజోలు వైపు న్యాయ సేవల కమిటీలో పారా లీగల్ వాలంటీర్‌ని. వకీలుని కాను. స్టేషన్‌కి వెళ్లేముందు జనం నా దగ్గరకొచ్చి అర్జీ రాయించుకుంటారు. లంక గ్రామాల నుంచి పాస్టర్లు, సంఘ పెద్దలు తెచ్చే కాగితాలు చూస్తుంటే నాకు అర్థమైంది ఒకటే: చట్టం లేక కాదు, అర్జీ రాసిన తీరు వల్లే చాలా కేసులు నీరుగారిపోతాయి. "అపవాది మా సంఘం మీద లేచాడు, ప్రభువు బిడ్డలం శ్రమల పాలయ్యాం" అని రెండు పేజీలుంటుంది. అపవాది అంటే సాతాను, ఎస్సై గారు సాతాను మీద ఎఫ్ఐఆర్ కట్టలేరు కదా!

ఇలా రాయండి: "ఆదివారం ఉదయం పదకొండు గంటలకి ఆరాధన జరుగుతుండగా ఎనిమిది మంది ఉత్తరం గుమ్మంలోంచి లోపలికొచ్చారు. ముగ్గురి పేర్లు తెలుసు, మిగతా వాళ్లని చూస్తే గుర్తుపడతాను. ఒకతను బల్ల మీది బైబిలు తీసి బయట బోదెలో పడేశాడు." వాళ్లన్న మాటలు బూతులైనా సరే అన్నది అన్నట్టు రాయాలి. "అసభ్యంగా దూషించారు" అంటే కోర్టులో దానికి బలం ఉండదు. విరిగిన కుర్చీలు, పగిలిన అద్దాలు, చిరిగిన పుస్తకాలు లెక్కపెట్టి రాయండి.

"ఊళ్లో హిందువులంతా కలిసి" అని మాత్రం రాయొద్దు. అది నిజం కాదు, పైగా మీకు సాక్ష్యం చెప్పగలిగిన పక్కింటాయన కూడా దూరమవుతాడు. 2020 సెప్టెంబరులో అంతర్వేది గుడి రథం కాలిపోయిన తర్వాత అక్కడి చర్చి మీద రాళ్లు పడ్డాయి. రాయి విసిరిన చెయ్యి ఎవరిదో చెప్పగలిగితేనే కేసు నిలుస్తుంది.

ఇక సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో అందరూ సెక్షన్ 299 పెట్టమంటారు, వినడానికి పెద్దదిగా ఉంటుందని. అది మతభావాలను ద్వేషబుద్ధితో, కావాలని గాయపరిచినందుకు, ఆ ఉద్దేశం రుజువు చెయ్యాలి. దానికి మూడేళ్ల వరకు శిక్ష కాబట్టి, డీఎస్పీ అనుమతితో 14 రోజులు ప్రాథమిక విచారణ చేసే వీలు కూడా పోలీసులకుంది. ప్రార్థనా స్థలాన్నో పవిత్ర వస్తువునో ఆ మతాన్ని అవమానించాలని పాడుచేస్తే 298 ఉంది. ఆరాధనకి అడ్డుపడితే 300. సమాధుల దొడ్డిలోకి చొరబడి సిలువలు విరగ్గొట్టినా, భూస్థాపనని ఆటంకపరిచినా 301. మందిరానికి నిప్పు పెడితే 326లోని జీ క్లాజు కింద యావజ్జీవం దాకా వెళ్తుంది. సెక్షన్ వెయ్యాల్సింది పోలీసులే. మీరు జరిగింది సరిగ్గా రాస్తే అది దానంతట అదే బయటపడుతుంది.

"మా పరిధి కాదు" అంటే కంగారు పడకండి. సఖినేటిపల్లిలో కూడికకి వెళ్లి దెబ్బలు తిన్నవాళ్లు పంటు మీద గోదావరి దాటి నరసాపురం వచ్చేసినా, నరసాపురంలోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. జిల్లా వేరైనా ఫర్వాలేదు. జీరో ఎఫ్ఐఆర్ (పరిధి చూడకుండా కట్టేది) కట్టి వాళ్లే అవతలి స్టేషన్‌కి పంపాలి. కాపీ ఉచితంగా ఇవ్వాలి. అసలు తీసుకోకపోతే అదే అర్జీని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపి రసీదు దాచుకోండి. అప్పటికీ కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలి. ఎస్పీకి పెట్టారా అని అక్కడ అడుగుతారు, రసీదు అప్పుడు కావాలి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వండి, కానీ అది ఎఫ్ఐఆర్‌కి బదులు కాదు.

వీడియో తీసిన ఫోను అమ్మకండి, ఫార్మాట్ చెయ్యకండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన ముక్కని కోర్టు అంత తేలిగ్గా నమ్మదు. తీసిన మనిషి, తీసిన ఫోను, భారతీయ సాక్ష్య అధినియమం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఉండాలి.

మన వైపు కాగితాలూ చూసుకోవాలి. ఎదుటివాళ్లు మొదట పట్టుకునేది మైకునే. లౌడ్ స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు వాడకూడదు. గుడికైనా, మసీదుకైనా, మనకైనా అదే రూలు. ఉపవాస కూడికలు రాత్రంతా పెట్టే సంఘాలు ఈ మాట వింటే నా మీద అలుగుతాయి, అలగనివ్వండి. మన ఆంధ్రప్రదేశ్‌లో మత మార్పిడి నిరోధక చట్టం లేదు. "మత మార్పిడి కేసు పెడతాం" అని బెదిరిస్తే ఏ చట్టం కింద అని మర్యాదగా అడగండి.

చెప్పడానికి ఇబ్బందైనా చెప్పాల్సింది కులం సంగతి. కులం పేరుతో తిట్టి కొట్టినప్పుడు అట్రాసిటీ కేసు (ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద) పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవాళ్లకి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ (వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు) వర్తిస్తుంది. 2025లో ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును మన హైకోర్టు ఈ కారణంతోనే కొట్టేసింది. చేతిలో ఏ సర్టిఫికెట్ ఉందో వకీలు దగ్గర దాచకండి. ఆ ఒక్క సెక్షన్ మీదే ఆధారపడి మిగతావి వదిలేస్తే అది పోయినప్పుడు ఏమీ మిగలదు.

మూడో రోజుకి ఊరి పెద్దలొస్తారు. "అయ్యగారూ, ఒకే ఊళ్లో బతకాలి" అంటారు. నిజమే, బతకాలి. మాట్లాడుకోండి, టీ తాగండి, తెల్లకాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. 298, 299 లాంటివి మన రాజీతో కోర్టులో మూసేసే నేరాలు కావు. తహసీల్దార్ దగ్గర రెండు వైపులా బైండోవర్ చేస్తామంటే (మళ్లీ గొడవ పడబోమని పూచీ రాయించుకోవడం) వకీలుతో మాట్లాడకుండా ఒప్పుకోవద్దు. సాక్షులకి బెదిరింపులొస్తే సాక్షుల రక్షణ పథకం కింద అర్జీ పెట్టొచ్చు.

వకీలుకి డబ్బుల్లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. కేసు కట్టిన 90 రోజుల్లోపు దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో పోలీసులు ఫిర్యాదుదారుకి తెలియజేయాలి, ఆ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. నా దగ్గరకి అర్జీ రాయించుకోవడానికి వచ్చేటప్పుడు కళ్లారా చూసినవాళ్లని తీసుకురండి, విన్నవాళ్లని ఇంటి దగ్గరే ఉంచండి.