బొమ్మలకి డిజిటల్ నకలు – 4వ పాఠం: పెద్ద స్కానర్ ఎంచుకోవడం

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకి జవాబు ముందు చూద్దాం. 22 × 30 అంగుళాల ఫుల్ ఇంపీరియల్ కాగితం మీది బొమ్మని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే ఫైలు ఎంత పెద్దదవుతుంది అన్నది ప్రశ్న. 22ని 600తో హెచ్చవేస్తే 13,200. 30ని హెచ్చవేస్తే 18,000. ఈ రెండిటినీ గుణిస్తే 23 కోట్ల 76 లక్షల పిక్సెళ్లు. పిక్సెల్‌కి మూడు బైట్ల చొప్పున దాదాపు 713 ఎంబీ. పిక్సెల్‌కి ఆరు బైట్లు పట్టే 48 బిట్ రంగులో దాచుకుంటే ఇంకో రెట్టు, అంటే 1.4 జీబీ పైమాటే. ఒక్క బొమ్మకి! అదే బొమ్మని 300 డీపీఐలో తీస్తే ఫైలు నాలుగో వంతుకి దిగుతుంది, ఉన్న సైజులోనే ప్రింటు తీసుకోవడానికి అది సరిపోతుంది కూడా. రెండింతలు పెద్దది చేసి ప్రింటు వేయాలనుకుంటేనే 600 కావాలి.

ఈ లెక్క వచ్చినవాళ్లని స్కానర్ డబ్బా మీది అంకెలు మోసం చేయలేవు. మద్రాసులో ఎలక్ట్రానిక్స్ అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఏ షాపుకి వెళ్లినా మొదట వినపడేది ఆ అంకే. "సార్, ఇది 9600 డీపీఐ!" అందులో చాలా భాగం సాఫ్ట్‌వేరు ఊహించి నింపేది. మీరు అడగాల్సింది ఆప్టికల్ రిజల్యూషన్, అంటే స్కానర్ నిజంగా చదివేది ఎంత అని. అది 2400 × 4800 అని రెండు అంకెల్లో రాసి ఉంటే మొదటిది సెన్సర్‌ది, రెండోది మోటారు ఎంత చిన్న అడుగు వేయగలదో చెప్పేది. చిన్న అంకెనే నమ్మండి. బొమ్మల పనికి అసలైన 600 ఉంటే చాలు, ఈ రోజుల్లో దాదాపు ప్రతి స్కానర్‌కీ అది ఉంటుంది. కాబట్టి డీపీఐ చూసి స్కానర్ కొనడం అంత దండగ పని ఇంకోటి లేదు.

మరేం చూడాలి? ముందు మీ బొమ్మల్ని చూడండి. మొదటి పాఠంలో రాసుకున్న జాబితా తీసి, ఒక్కో బొమ్మ పక్కన రెండు సంగతులు చేర్చండి: కొలత, పైభాగం తీరు. చదునైన కాగితమా, అలలు తిరిగిన కాగితమా, రంగు మందంగా పేరుకుందా, చేత్తో తాకితే పొడి రాలుతుందా, బంగారు రేకు ఉందా. స్కానర్‌ని తేల్చేది ముఖ్యంగా ఈ రెండో గడే.

సెన్సర్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. కాగితాన్ని అద్దం మీద బోర్లించి తీసే ఫ్లాట్‌బెడ్ స్కానర్లు రెండు జాతులు. ఒకటి సీఐఎస్. ఇందులో సెన్సరు పట్టీ అద్దానికి దాదాపు అంటుకుని నడుస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ మూడు రంగులు విడివిడిగా చదువుతాయి. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది. కానన్ లైడ్ 300, లైడ్ 400 లాంటివి యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటాయి. రెండోది సీసీడీ. ఇందులో తెల్లని వెలుతురు బొమ్మ మీద పడి, అద్దాల మీంచి మలుపులు తిరిగి, లెన్సు గుండా సెన్సర్‌కి చేరుతుంది. పెట్టె లావుగా, బరువుగా ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

బొమ్మలు వేసేవాళ్లకి తేడా తెలిసేది ఫోకస్‌లో. సీఐఎస్‌లో అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా వస్తుంది. కాగితం ఒక మిల్లీమీటరు పైకి లేచినా మసకబారడం మొదలవుతుంది. సీసీడీ కొన్ని మిల్లీమీటర్ల వరకు ఓర్చుకుంటుంది. మద్రాసులో ఉండేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు. ఐప్పసి నెల (అక్టోబరు–నవంబరు) వానలు మొదలయ్యాయంటే వాటర్‌కలర్ కాగితం ఎంత మందమైనదైనా అంచుల్లో అలలు తిరుగుతుంది. ఆ అలల్ని సీఐఎస్ అద్దం మీద పెడితే బొమ్మలో ఒక పట్టీ పదునుగా, పక్క పట్టీ పొగమంచులో ఉన్నట్టు వస్తుంది. పైనుంచి పుస్తకాలు పెట్టి నొక్కితే అద్దం పగులుతుంది తప్ప పెద్దగా ఫలితం ఉండదు. రెండు అట్టల మధ్య పెట్టి, మీద బరువు ఉంచి రెండు మూడు రోజులు ఆరనిచ్చాకే స్కానింగ్‌కి దిగండి.

ఈ తేడాని మీ కళ్లతో చూడడానికి ఒక పరీక్ష ఉంది. జామెట్రీ బాక్సులోంచి 15 సెంటీమీటర్ల తెల్ల ప్లాస్టిక్ స్కేలు తీసుకోండి. స్టీలుది వద్దు, మెరుపు కొడుతుంది. గీతలున్న వైపు కిందికి ఉండేలా అద్దం మీద బోర్లించండి. సున్నా ఉన్న కొన అద్దానికి తగిలి ఉండాలి. 15 ఉన్న కొన కింద నాణేలు పేర్చి సరిగ్గా 3 మిల్లీమీటర్లు లేపండి. ఇప్పుడు స్కేలు ఏటవాలుగా ఉంది కదా: 5 సెంటీమీటర్ల గీత దగ్గర ఎత్తు 1 మిల్లీమీటరు, 10 దగ్గర 2, చివర 3. మూత వేయకుండా, మీద నల్లగుడ్డ కప్పి 600 డీపీఐలో స్కాన్ చేసి, స్క్రీన్ మీద వంద శాతం జూమ్‌లో చూడండి. మిల్లీమీటరు గీతలు ఏ అంకె దగ్గర ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయో నోట్ చేసుకోండి. సీఐఎస్‌లో ఇది చాలా తొందరగా జరుగుతుంది. మంచి సీసీడీలో 15 దాకా గీతలు విడివిడిగానే కనిపించాలి. షాపువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి. అంత డబ్బు పోస్తున్నప్పుడు జేబులో స్కేలు పెట్టుకుని వెళ్లడంలో తప్పేం లేదు.

ఇక కొలతలు. ఫ్లాట్‌బెడ్‌లలో మామూలుగా దొరికే పెద్ద సైజు ఏ3, అంటే 11.7 × 16.5 అంగుళాలు. ఎప్సన్ ఎక్స్‌ప్రెషన్ 12000ఎక్స్‌ఎల్ లాంటి వాటిలో అద్దం ఇంకాస్త పెద్దది, 12.2 × 17.2 అంగుళాలు. అది సీసీడీ, బొమ్మల పనికి పేరున్నది. కానీ ధర లక్షల్లో మాట. అంతకంటే చాలా తక్కువకి ఏ3 సీఐఎస్ స్కానర్లు దొరుకుతాయి. చదునైన ఇంకు బొమ్మలు, పెన్సిలు గీతలు, కార్టూన్లు మాత్రమే ఉన్నవాళ్లు నిక్షేపంగా అవి కొనుక్కోవచ్చు.

"అన్నా, నావన్నీ హాఫ్ ఇంపీరియల్. ఏ3లో పట్టవు కదా, మరి ఏ2 స్కానర్ కొనాలా?" అని వడపళనిలో ఉండే తమ్ముడొకడు అడిగాడు. అక్కర్లేదు తమ్ముడూ. హాఫ్ ఇంపీరియల్ అంటే 15 × 22 అంగుళాలు. 15 అంగుళాల వైపుని అద్దం పొడవు మీద, అంటే 16.5 మీద పెట్టు, పట్టేస్తుంది. 22 అంగుళాల వైపుని 11.7 చొప్పున రెండు ముక్కలుగా తీస్తే 23.4 అంగుళాలు. మధ్యలో 1.4 అంగుళాలు రెండు ముక్కల్లోనూ వస్తుంది, అతకడానికి అది చాలు. రెండే స్కాన్లు. ఫుల్ ఇంపీరియల్‌కి నాలుగు. అదే ఏ4 స్కానర్ అయితే హాఫ్‌కి నాలుగు, ఫుల్‌కి ఎనిమిది. ఈ ఎనిమిది చూశాక ఏ3 ఎందుకు కొనాలో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అతికించడానికి ఫోటోషాప్‌లో ఫోటోమెర్జ్ ఉంది, ఉచితంగా కావాలంటే హగిన్ ఉంది. ఫోటోమెర్జ్‌లో రీపొజిషన్ అనే పద్ధతే పెట్టండి. ఆటో పెడితే అది బొమ్మని వంచే ప్రమాదం ఉంది. ముక్కలన్నిటికీ ఒకే సెట్టింగు ఉండాలి, ఆటో ఎక్స్‌పోజరు ఆపేయాలి. లేకపోతే ఆకాశం ఒక ముక్కలో లేతగా, పక్క ముక్కలో ముదురుగా వచ్చి అతుకు ఇట్టే కనిపిస్తుంది. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: ఏ ముక్కకీ కాగితాన్ని తలకిందులు చేయకండి. చాలా స్కానర్లలో వెలుతురు ప్రధానంగా ఒక వైపు నుంచే పడుతుంది. గరుకు కాగితం మీద ప్రతి గుంటకీ చిన్న నీడ వస్తుంది. కాగితాన్ని 180 డిగ్రీలు తిప్పితే ఆ నీడలు ఎదురు వైపుకి పోతాయి. రంగులు కలిసినా కాగితం నేత కలవదు, ఎంత తంటాలు పడినా అతుకు పోదు.

కాగితాన్ని తిప్పకుండా జరుపుతూ తీయాలంటే స్కానర్‌కి రెండు లక్షణాలు కావాలి. మూత పూర్తిగా ఊడి రావాలి. అద్దం చుట్టూ ఉండే చట్రం అద్దంతో సమానంగానో, మహా అయితే ఒక పిసరు ఎత్తుగానో ఉండాలి. చట్రం ఎత్తుగా ఉంటే బయటికి వేలాడే కాగితం అంచు దగ్గర పైకి లేస్తుంది. సరిగ్గా అతుకు పడాల్సిన చోటే మసక వస్తుంది. సీసీడీ అయితే ఇక్కడ కూడా కొంత కాపాడుతుంది. స్కానర్ పరిచయాల్లో ఈ చట్రం ఊసు పెద్దగా ఉండదు, దాన్ని వేలితో తడిమి చూసుకోవాలి.

పెద్ద బొమ్మ అనగానే కొందరు ప్లాన్ ప్రింట్లు తీసే షాపులకి పరిగెడతారు. అక్కడ ఉండేవి 36, 42 అంగుళాల వెడల్పు స్కానర్లు. కాంటెక్స్, కలర్‌ట్రాక్ లాంటి పేర్లు కనిపిస్తాయి. ఇళ్ల ప్లాన్లకి, మ్యాపులకి బ్రహ్మాండమైన యంత్రాలు. కానీ అవి చెరుకు రసం మిషన్‌లాగా కాగితాన్ని రోలర్ల మధ్య లాక్కుని వెళతాయి. బొగ్గు బొమ్మ, చాక్ పాస్టెల్, మందంగా పూసిన పోస్టర్ కలర్, చేర్యాల నకాషీ పటం, ఇవేవీ ఆ నోట్లో పెట్టకూడదు. రంగు పెచ్చులూడితే తిరిగి అతకదు. నాకు తెలిసిన ఒకాయన తన బొగ్గు చిత్రాన్ని ఒక షాపులో ఇలా తీయించాడు. బొమ్మ పొడవునా రోలరు చార పడింది. ఆ షాపువాళ్లు మాత్రం ముందు నుంచీ అలాగే ఉందన్నారు. ఒరిజినల్‌ని ఎవరికి ఇచ్చినా ఇచ్చే ముందు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

మ్యూజియం స్థాయిలో క్రూజ్, మెటిస్ అని వేరే ఉన్నాయి. బొమ్మ బల్ల మీద వెల్లకిలా ఉంటుంది, పైనుంచి చదువుతాయి, ఏదీ తాకదు. వాటి గురించి తెలిసి ఉంటే మంచిదే, కొనడం గురించి ఈ పాఠంలో మాట్లాడుకోవడం అనవసరం.

మరి ఏ స్కానర్‌కీ లొంగని బొమ్మలు? మన ఊళ్లో మొదట గుర్తొచ్చేది తంజావూరు పటం. చెక్క మీద గుడ్డ అతికించి, సుద్ద పూతతో ఉబ్బెత్తు చేసి, బంగారు రేకు పరిచి, రాళ్లు పొదిగిన పని అది. స్కానర్‌లో దీపం ఏటవాలుగా కొడుతుంది. బంగారం అద్దంలాంటిది కాబట్టి ఆ వెలుతురుని సెన్సర్‌కి కాక పక్కకి విసిరేస్తుంది. స్క్రీన్ మీద కృష్ణుడి కిరీటం మట్టి రంగులోనో నల్లగానో వస్తుంది. రాళ్లు అద్దాన్ని గీకుతాయి కూడా. దీనికి కెమెరానే దిక్కు. మందంగా నూనె రంగు పూసిన కాన్వాసుకీ అంతే. ఫ్లోరొసెంట్ గులాబీ, పసుపు రంగులు వాడినవాళ్లకి ఇంకో బాధ: స్కానర్‌లో అవి చప్పగా వస్తాయి, ఆ వెలుగుని స్కాన్‌లో తిరిగి తెచ్చే సెట్టింగేదీ లేదు.

కెమెరా అన్నాం కాబట్టి ఒక లెక్క. 24 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చేది 6000 × 4000 పిక్సెళ్లు. ఏ3 బొమ్మని ఫ్రేము నిండా పట్టిస్తే అంగుళానికి దాదాపు 340 వస్తాయి. ఫుల్ ఇంపీరియల్‌కి 180 దగ్గర ఆగిపోతుంది. అందుకే ఇంట్లో మంచి కెమెరా ఉండి, బొమ్మలన్నీ ఏ3 లోపే ఉన్నవాళ్లు అసలు స్కానర్ కొనాలా అని ఒకసారి ఆలోచించుకోవాలి. స్కానర్ వల్ల వచ్చే గొప్ప లాభం వెలుతురు అంచు నుంచి అంచు వరకు ఒకేలా పడడం. కెమెరాతో అది రావాలంటే రెండు దీపాలు, స్టాండు, చీకటి గది, బోలెడంత ఓపిక కావాలి. నా మటుకు నేను, బొమ్మలు యాభై దాటి అన్నీ కాగితం మీదివే అయితే ఏ3 సీసీడీయే కొనమంటాను. పదో పదిహేనో ఉంటే కొనడం దండగ, తెలిసినవాళ్ల దగ్గర తీయించుకోండి.

పాతది కొంటే బాగా కలిసొస్తుంది, ఆఫీసులు ఖాళీ చేసేటప్పుడు ఏ3 సీసీడీలు బయటికొస్తాయి. చూడాల్సినవి: కంప్యూటర్‌కి తగిలే పోర్టు యూఎస్‌బీయేనా (మరీ పాతవాటిలో ఫైర్‌వైర్, స్కసీ ఉంటాయి). మీ కంప్యూటర్‌కి డ్రైవరు ఇంకా దొరుకుతోందా. కంపెనీ ఆపేసినా వ్యూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ చాలా పాత స్కానర్లని నడిపిస్తుంది, అది డబ్బు పెట్టి కొనాలి. అద్దం లోపలి వైపు పొగలాంటి మసక ఉందేమో టార్చి వేసి చూడండి, సముద్రపు గాలి ఉన్న ఊళ్లో ఇది మామూలే. ఒక తెల్ల కాగితం పెట్టి స్కాన్ చేసినప్పుడు పైనుంచి కిందిదాకా సన్నని గీత వస్తుంటే, అద్దం మొదట్లో ఉండే, స్కానర్ తెలుపుని సరిచూసుకునే క్యాలిబ్రేషన్ పట్టీ మీద దుమ్ము పడిందని అర్థం. శుభ్రం చేస్తే పోవచ్చు, బేరానికి మాత్రం బాగా పనికొస్తుంది. ఆటోలో తెచ్చేముందు అడుగునో పక్కనో ఉండే ట్రాన్స్‌పోర్ట్ లాక్ వేయించండి. అది వేయకుండా మౌంట్ రోడ్డు గుంతల మీద తెస్తే లోపలి అద్దాలు కదిలిపోతాయి. ఇంటికొచ్చాక ఆ లాక్ తీయకుండా ఆన్ చేయకండి, స్కానర్ గుర్రుమని అరుస్తుంది.

ఈ వారం చేయాల్సిన పని: జాబితాలో ప్రతి బొమ్మ పక్కన స్కానరా, కెమెరానా, బయట తీయించాలా అని ఒక్క మాట రాయండి. స్కానర్ అని రాసిన ప్రతిదానికీ ఏ3 అద్దం మీద ఎన్ని ముక్కలవుతుందో లెక్క వేయండి, కాగితాన్ని రెండు దిశల్లోనూ పెట్టి చూసి తక్కువ వచ్చేది ఎంచుకోండి. తర్వాతి పాఠం రంగుల గురించి. రంగులు సరిచూసుకోవడానికి వాడే 24 గళ్ల కలర్‌చెకర్ అట్ట ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకోండి. ఎండలో వెలిసిపోయిన పాతది మాత్రం వద్దు.