షటిల్‌లో చీలమండ బెణికితే నేను చేసింది

బెజవాడ ఎండలకి జడిసి తెల్లారకముందే షటిల్ మొదలెట్టే బ్యాచ్ మాది. స్మాష్ కొట్టి దిగేటప్పుడు పాదం లోపలికి మడతపడింది. చీలమండ బయటివైపు కోడిగుడ్డంత వాపు. నాలుగడుగులు వేయగలిగాను, ఎముక మీద నొక్కితే నొప్పి లేదు. ఎక్స్‌రే అక్కర్లేదన్నారు డాక్టర్. ఆముదం కాచి రుద్దుతానని పిన్ని ఒకటే గొడవ! మొదటి రెండు మూడు రోజులు రుద్దితే వాపు ఇంకా పెరగొచ్చని బతిమాలి, గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట చొప్పున పెట్టి, క్రేప్ బ్యాండేజీ కట్టి, కాలు దిండ్ల మీద ఎత్తి ఉంచాను.

అసలు పని వాపు తగ్గాకే. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడడం, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేవడం. ఆ కాలితో గెంతినా తడబడకుండా నిలిచాకే రాకెట్ పట్టాను. రన్నింగ్ షూస్ మాత్రం షటిల్‌కి వద్దు. మడమ ఎత్తుగా ఉండి, పక్కకి కదిలితే పాదం మడతపడొచ్చు.