కర్తరి రోజుల్లో కిలోమీటర్లు: చెన్నైలో ట్రయథ్లాన్‌కి సిద్ధమయ్యేవాళ్ళకు జాగ్రత్తలు

మన పంచాంగం ప్రకారం మే 4 ప్రాంతంలో డొల్లు కర్తరి మొదలవుతుంది. 11 నుంచి నిజ కర్తరి, 28 దాకా ఉంటుంది. ఆ రోజుల్లో గొయ్యి తవ్వరు, చెట్టు కొట్టరు, ఇల్లు మొదలుపెట్టరు. చెన్నైలో వాటినే కత్తిరి వెయిల్ అనీ, అగ్ని నక్షత్రం అనీ అంటారు. పెద్దవాళ్ళు బరువు పనులు పెట్టుకోవద్దన్న ఈ మూడున్నర వారాల్లోనే మనం సరిగ్గా కిలోమీటర్లు పెంచుతాం. ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీయే ట్రయథ్లాన్. మనం ఎదురుచూసే గోవా ఐరన్‌మ్యాన్ 70.3 ట్రయథ్లాన్ అక్టోబరులోనో నవంబరులోనో వస్తుంది. అందులో 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు. ఆర్నెల్లు వెనక్కి లెక్కేసుకుంటే ప్రిపరేషన్ మేలో మొదలవ్వాల్సిందే. మానెయ్యమని చెప్పడానికి ఇది రాయడం లేదు, నేనూ మానను. కాకపోతే ఒకసారి తెలివితక్కువగా చేసి దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు మన సీమవాళ్ళకీ, బెజవాడవాళ్ళకీ ఒక మాట. "మా ఊళ్ళో 43 డిగ్రీల్లో క్రికెట్ ఆడాం, ఈ 37 ఒక లెక్కా" అంటూ చెన్నైలో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతివాడూ అంటాడు. నేనూ అన్నాను. తెలుగులో దీనికి రెండు మాటలున్నాయి: వడ, ఉక్క. అనంతపురంలో కొట్టేది వడ. అక్కడ గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టీ పట్టగానే ఆరిపోతుంది, ఆరుతూ ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఇక్కడ ఉక్క. మే నెలలో పొద్దున్నే అయిదింటికి చెన్నైలో 28, 29 డిగ్రీలుంటుంది, గాలిలో తేమ 80 శాతం పైనే. చెమట ధారగా కారుతుంది గానీ ఆరదు. కారిన చెమట ఒంటిని చల్లబరచదు, ఆరిన చెమటే చల్లబరుస్తుంది. బనీను పిండితే నీళ్ళొచ్చాయని మనం మురిసిపోతాం, నిజానికి ఆ నీళ్ళన్నీ వృథాగా పోయినవే.

అందుకే "తెల్లారకుండా పరిగెడితే ఏం కాదు" అనే నమ్మకం సగమే నిజం. ఎండ ఉండదు, అది లాభమే. కానీ రోజు మొత్తంలో తేమ ఎక్కువగా ఉండేది కూడా ఆ వేళే. సాయంత్రం వెళ్ళేవాళ్ళకి సముద్రపు గాలి తోడుంటుంది గానీ, రోడ్డూ గోడలూ అప్పటికింకా సెగలు కక్కుతుంటాయి. పడమటి గాలి గట్టిగా వీచే రోజుల్లో సముద్రపు గాలి ఆలస్యమవుతుంది, ఆ రోజు సాయంత్రం పరుగు పెట్టుకోకండి. 2003 మే 31న నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైన ఊరు ఇది.

నా సంగతి. కొన్నేళ్ళ క్రితం, మేలో ఒక ఆదివారం. అంతకు ముందు పది రోజులు కొడైకెనాల్‌లో ఉండి వచ్చాను. ప్లాన్‌లో 24 కిలోమీటర్లని రాసుంది, రాసుంది కాబట్టి చెయ్యాలి. జనవరిలో పరిగెత్తిన వేగమే వాచీలో పెట్టుకున్నాను. మెరీనాలో లైట్‌హౌస్ దాటి లూప్ రోడ్డు ఎక్కేసరికి ఏడు దాటింది. చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చలేసింది. ఆహా, గాలి చల్లబడిందే అనుకున్నాను. పక్కన పరిగెడుతున్న నెల్లూరు స్నేహితుడు "బావా, నీ మాట తేడాగా ఉందిరా, ఆగు" అన్నాడు. నేను వాణ్ణి తిట్టానట. నాకు గుర్తు లేదు. వాడు నన్ను రోడ్డు పక్కన చేపలమ్మే ఒక అమ్మ దగ్గర కూలేసి, ఆవిడ పెట్టెలో ఐసు మొత్తం అడిగి తీసుకుని మెడ మీదా, చంకల్లో, ఒంటి నిండా పోశాడు. పైన బిందెలతో నీళ్ళు. పావుగంటకి మనిషినయ్యాను. చేపల వాసన మాత్రం మూడు రోజులు పోలేదు.

ఆ రోజు నేను చేసిన తప్పులు విప్పి చూస్తే జాగ్రత్తలన్నీ అందులోనే ఉన్నాయి.

మొదటిది, అలవాటు. వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ రోజుల్లో రక్తంలో నీటి వాటా పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో ఉప్పు తగ్గుతుంది. మొదటి వారం 30, 40 నిమిషాలకు మించకుండా, మెల్లగా, దాదాపు రోజూ. తర్వాతే పెంచాలి. రెండు మూడు వారాలు చల్లటి చోట ఉండి వస్తే ఆ అలవాటు చాలావరకు పోతుంది. పగలంతా ఆఫీసు ఏసీలో, రాత్రంతా ఇంటి ఏసీలో ఉండి, ఆదివారం పొద్దున ఒక్కసారి బయటపడి రెండున్నర గంటలు పరిగెడితే ఒంటికి అది కొత్త ఊరే. జ్వరం తగ్గి వారం కాలేదా, ముందురోజు విరేచనాలయ్యాయా, రాత్రి నిద్ర లేదా, పార్టీలో మందు తాగారా... ఆ రోజు పరుగు లేదు. ఇందులో బేరాలొద్దు.

రెండోది, వాచీ. మేలో కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు అన్న లెక్క చూడకండి. గుండె వేగం చూడండి, లేదా పక్కవాడితో రెండు వాక్యాలు ఆయాసం లేకుండా మాట్లాడగలరో లేదో చూడండి. అదే వేగంలో వెళ్తున్నా గుండె వేగం మెల్లగా పైకి ఎక్కుతుందంటే, రక్తం కండరాలకీ చర్మానికీ రెండు చోట్లకీ చాలక గుండె అవస్థ పడుతోందని అర్థం. నడవండి. పరుగుల లెక్కలు అందరికీ చూపించే స్ట్రావా యాప్‌లో ఎవరైనా నవ్వుతారేమోనని టెన్షన్ పడేవాళ్ళు ఆ నెల ఆ యాప్ తీసెయ్యడం మంచిది. నేను తీసేస్తాను.

ఇక నీళ్ళు, ఉప్పు. ఇక్కడ రెండు వైపులా ప్రమాదం ఉంది, ఒక వైపే అందరికీ తెలుసు. ఇంట్లో బరువు తూచే మిషన్ ఉంటే పరుగుకి ముందు, వచ్చి ఒళ్ళు తుడుచుకున్నాక తూచుకోండి. గంటలో 1.2 కిలోలు తగ్గి, మధ్యలో 300 మిల్లీలీటర్లు తాగి ఉంటే, మీకు గంటకి లీటరున్నర చెమట పోతున్నట్టు. అంతా వెంటనే తిరిగి నింపనక్కర్లేదు. దాహం వేసినప్పుడల్లా తాగుతూ, కొంచెం తగ్గి ఇంటికి రావడం మామూలే. బరువు పెరిగి వస్తే మాత్రం భయపడాలి. ఉత్త నీళ్ళు మోతాదు మించి తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, ఆపైన ఫిట్స్ దాకా వెళ్తుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం తక్కువగా ఉంది. ఎక్కువగా తాగి బరువు పెరిగినవాళ్ళలోనే ఇది ఎక్కువ.

కొబ్బరి నీళ్ళు మంచివే, కానీ వాటిలో ఉండేది ప్రధానంగా పొటాషియం. చెమటలో పోయేది సోడియం. కాబట్టి కొబ్బరి బోండాంతో సరిపెట్టుకోకుండా ఉప్పేసిన పల్చటి మజ్జిగో, ఓఆర్ఎస్సో తాగండి. ఓఆర్ఎస్ అంటే ప్యాకెట్ మీద ఉన్న ఫార్ములా చూడాలి: లీటరు నీళ్ళకి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, మిగతా లవణాలు. ఓఆర్ఎస్ అన్న పేరుతో డబ్బాల్లో అమ్మిన తీపి నీళ్ళ మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్‌గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకుండా ఆపింది. ప్యాకెట్‌లో సగం వేసి అర లీటరు అని అంచనాకి కలపడం కూడా వద్దు.

మందుల సంగతి ఎవరూ మాట్లాడరు. మోకాలు నొప్పని పరుగుకి ముందు ఐబుప్రోఫెనో, డైక్లోఫెనాకో వేసుకునే అలవాటు ఉంటే ఈ నెల నుంచి మానండి. ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు ఆ మాత్రలు కిడ్నీల మీద పడతాయి. జలుబు మాత్రల్లో కొన్ని చెమటని తగ్గిస్తాయి, బీపీ మాత్రల్లో కొన్ని నీళ్ళు లాగేస్తాయి. డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు ఆపెయ్యకండి. నలభై దాటి ఉండి, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే సీజన్‌కి ముందే గుండె పరీక్ష చేయించుకోండి. నొప్పి మీద మనవాళ్ళ మొదటి మందు అమృతాంజనమే కదా. మైలాపూర్‌లో నేను స్ట్రెచింగ్ చేసే నాగేశ్వరరావు పార్కుకి ఆ పేరు అమృతాంజనాన్ని స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదే. రాసుకోండి, తప్పులేదు. అయితే మంట నొప్పిని కప్పుతుంది గానీ గాయాన్ని మాన్పదు. కప్పిన నొప్పి మీద మరో పది కిలోమీటర్లు వెయ్యకండి. లాంగ్ రన్ తర్వాత మూత్రం డికాక్షన్ రంగులో వస్తే రేపు చూద్దాం అనుకోకుండా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. కండరాలు కరిగి కిడ్నీల్లో చేరుతున్న గుర్తు అది.

సైకిల్‌కి అందరిదీ ఈసీఆరే, అంటే చెన్నై నుంచి తీరం వెంట దక్షిణానికి వెళ్ళే ఈస్ట్ కోస్ట్ రోడ్డే. ఉతాండి టోల్ దాటాక ముట్టుకాడు వంతెన, కోవళం, ఓపిక ఉంటే మహాబలిపురం. ఏడున్నరకల్లా ఇంట్లో ఉండేలా బయల్దేరండి. ఆ తర్వాత ఎండ ఒకటే కాదు, వారాంతపు కార్లు కూడా మొదలవుతాయి. రోడ్డు అంచున ఇసుక ఉంటుంది, పక్కకి తప్పుకోబోయి జారకండి. వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలగనివ్వండి. ఏరో బార్ల మీద, అంటే హ్యాండిల్‌కి ముందుకు బిగించే కడ్డీల మీద, మోచేతులు ఆనించి పడుకుని తొక్కడం బస్సులు ఆగే చోట్ల వద్దు, బ్రేకుకి చెయ్యి అందదు. ఇంకో మెలిక గాలిది. ఈ నెలల్లో గాలి ఎక్కువగా దక్షిణం నుంచి వస్తుంది. వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, కష్టమైనా చల్లగా ఉంటుంది. వచ్చేటప్పుడు గాలి వెనక నుంచి, మీ వేగంతోనే మీతో పాటు వస్తుంది. ఒంటికి గాలే తగలదు. హాయిగా, వేగంగా వెళ్తున్నామనుకునే ఆ గంటలోనే ఒళ్ళు ఉడికిపోతుంది. దాని మీద సైకిల్ దిగగానే పరుగు, అదే బ్రిక్, పెట్టుకుంటే ఉన్న కాస్త గాలీ పోతుంది. కర్తరిలో బ్రిక్ పరుగు పది నిమిషాలు చాలు, నీడలో.

ఈతకి చెన్నై సముద్రాన్ని నమ్మకండి. మెరీనాలో స్నానాలకి పోలీసులు ఊరికే అడ్డుపడరు. ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది, లోపలికి లాగే ప్రవాహాలు పైకి కనపడవు. అమెరికాలో 1985 నుంచి 2016 దాకా ట్రయథ్లాన్లలో జరిగిన 135 మరణాలు, గుండె ఆగిన ఘటనలు లెక్కేస్తే 90 ఈతలోనే. కొలనులో 2 కిలోమీటర్లు ఈదగలగడం వేరు, సముద్రంలో ఈదడం వేరు. 1995 దక్షిణాసియా క్రీడలకి కట్టిన వేళచ్చేరి కొలనులో ఏడాదంతా ఈదండి. సముద్రానికి మాత్రం తెలిసిన కోచ్, వెంట పడవ, నడుముకి కట్టుకునే రంగు బెలూను ఉంటేనే దిగండి. అలల గురించి ఆ ఒడ్డున ఉండే జాలరి వద్దంటే వద్దే. నీళ్ళు లాగేస్తుంటే ఒడ్డుకి ఎదురీదకండి. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక తిరగండి.

తెల్లవారుజామున వీధికుక్కలుంటాయి. పరిగెత్తడం ఆపి నడవండి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి అదే రోజు రేబిస్ టీకా వేయించుకోండి.

చివరగా, పక్కవాడు పడిపోతే. చెమట ఆగితేనే వడదెబ్బ అని చాలామంది అనుకుంటారు. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట కారుతూనే ఉండొచ్చు. చూడాల్సింది బుర్రని: తికమక మాటలు, అకారణ కోపం, తూలడం, ఏ రోడ్డు మీద ఉన్నామో చెప్పలేకపోవడం. ఆ మనిషి "నాకేం కాలేదు" అంటాడు, నేను అన్నట్టే. వినకండి. 108కి ఫోన్ చేస్తూనే చల్లబరచడం మొదలెట్టండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకండి. నీడ, బట్టలు వదులు చెయ్యడం, ఐసు, నీళ్ళు, విసరడం. మొదటి అరగంటలో ఎంత చల్లబరిచామన్నదే ప్రాణం నిలబెడుతుంది. జ్యూస్ కొట్టులోనైనా, చేపల పెట్టెలోనైనా ఐసు ఐసే. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పొయ్యకండి. పారాసిటమాల్ ఇందులో పనిచెయ్యదు.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు మెడలోనో జేబులోనో ఒక కార్డు పెట్టుకోండి: పేరు, ఇంటి ఫోన్ నంబరు, రక్తం గ్రూపు, వాడే మందులు. మీ ఇంటివాళ్ళకి తమిళం రాకపోతే, తమిళం వచ్చిన స్నేహితుడి నంబరు కూడా కింద రాయండి.