పిల్లలతో మొదటి ఆర్‌టీఐ అర్జీ రాయించడం ఎలా?

ఏటా నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఒకటే తంతు. పిల్లలు రాజ్యాంగ పీఠిక గడగడా అప్పజెబుతారు. ఒకడికి నల్లకోటు తొడిగి "మై లార్డ్" అనిపిస్తారు. సమోసాలు పంచుకుని ఫొటోలు దిగుతారు. మర్నాడు పొద్దున అదే పిల్లలు స్కూల్ బస్సు కోసం నడిరోడ్డు మీద నిలబడతారు. ఫుట్‌పాత్ మీద రాతిపలకలు లేచిపోయి రెండేళ్లయింది మరి. ఆ పీఠికకీ ఈ పలకలకీ ఏమైనా చుట్టరికం ఉందని వాళ్లకు ఎవరూ చెప్పరు.

నేను బెంగళూరు మారతహళ్లిలో ఆరేళ్లుగా ఆదివారాలు ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలతో సమాచార హక్కు (ఆర్‌టీఐ) అర్జీలు రాయిస్తున్నాను. చట్టం నేర్పడానికి ఇంతకంటే మంచి దారి లేదు. మాక్ పార్లమెంట్ అంటారా? అందులో అరవడం వస్తుంది, అంతే. అర్జీ పెడితే పిల్లలు రాసిన నాలుగు లైన్లకు ఒక ప్రభుత్వ అధికారి సంతకం పెట్టి జవాబు పంపాలి. ఆ కవరు ఇంటికొచ్చిన రోజు పిల్లల మొహం చూడండి, నేను ఎందుకింత పట్టుబడతానో తెలుస్తుంది.

కావలసినవి

రూళ్ల కాగితాలు, నీలం పెన్ను, అర్జీ ఫీజుకు పది రూపాయల పోస్టల్ ఆర్డర్, స్పీడ్ పోస్ట్ ఖర్చు, పొడవాటి కొలత టేపు. పిల్లలు ఎనిమిది మందికి మించకూడదు, తొమ్మిదో వాడు తప్పకుండా ఫోన్ తీస్తాడు. ల్యాప్‌టాప్ వద్దు. టైప్ చేస్తే పక్కవాడిది కాపీ కొడతారు, చేత్తో రాస్తేనే ప్రతి మాటా ఆలోచిస్తారు.

మొదటి ఆదివారం: నడక

గేటు దాటి అర కిలోమీటరు నడిపించండి. మూత లేని కాలువ, వెలగని వీధి దీపం, లేచిన పలక, ఏది కనబడితే అది రాసుకోమనండి. తిరిగొచ్చాక అందులోంచి ఒక్కటే ఎంచుకోవాలి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం ఉండాలి, అదీ మామూలుగా 150 పదాలు మించకూడదు. పిల్లలకు ఈ పరిమితి వరం. పెద్దవాళ్ల అర్జీలు చూశాను, కాలువతో మొదలై కావేరి నీళ్ల దాకా పోతాయి.

రెండో ఆదివారం: ఎవరిని అడగాలి

నీళ్లు, మురుగునీరు అయితే జలమండలి. కరెంటు అయితే బెస్కాం. వీధులు, ఫుట్‌పాత్‌లు అయితే కార్పొరేషన్. బీబీఎంపీ (మొత్తం బెంగళూరుకు ఒకటే ఉన్న పాత కార్పొరేషన్) అని పాత అలవాటుగా రాసేయకండి, 2025 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. మాది తూర్పు కార్పొరేషన్. పొరపాటున వేరే ఆఫీసుకు పంపినా మునిగిపోయేదేమీ లేదు, సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే ఐదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాలి.

ఇక్కడే ఎవరో ఒకరు "మన కార్పొరేటర్ ఎవరు అంకుల్?" అంటారు. బెంగళూరులో కార్పొరేటర్ల పదవీకాలం 2020 సెప్టెంబరులో ముగిసిందని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదని చెప్పండి. కాసేపు గది నిశ్శబ్దంగా ఉంటుంది. దాన్ని మీరు మాటలతో నింపకండి.

భాష సంగతి. అర్జీ ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ స్థానిక అధికార భాషలో గానీ ఉండాలని చట్టం. అంటే బెంగళూరులో తెలుగు కుదరదు. మేం తెలుగులో ఆలోచించి కన్నడలో రాస్తాం, రెండు లిపులూ అక్కచెల్లెళ్లే కాబట్టి పిల్లలు త్వరగా పట్టుకుంటారు. కానీ ఒక గొయ్యి ఉంది. మన 'సమాచార హక్కు'ను ఉన్నదున్నట్టు కన్నడలోకి దింపేస్తారు. కన్నడంలో అది 'మాహితి హక్కు'. 'ఏను సమాచార?' అంటే అక్కడ 'ఏంటి విశేషాలు?' అని. విశేషాల హక్కు కింద అర్జీ పెట్టినట్టవుతుంది. రాసింది స్కూల్లో కన్నడ టీచరుకు ఒకసారి చూపించమనండి.

మూడో ఆదివారం: ప్రశ్న రాయడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. ఇంతవరకూ హడావుడిగా చదివినా పర్వాలేదు, ఇక్కడ మాత్రం నిదానించండి.

నా మొదటి బ్యాచ్ రాసింది ఇది: "మా బస్‌స్టాప్ దగ్గర ఫుట్‌పాత్‌ను ఎందుకు బాగు చేయడం లేదు? దీనికి బాధ్యులు ఎవరు? ఎప్పుడు చేస్తారు?" నేనూ భేష్ అన్నాను. నెల తర్వాత ఒక ఆఫీసు నుంచి ఒకే లైను జవాబు వచ్చింది, మీరు అడిగినది సమాచారం నిర్వచనం కిందికి రాదని. అర్జీ రాసిన అబ్బాయి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాడు, మళ్లీ క్లాసుకు రాలేదు. తప్పు వాడిది కాదు, నాది. ఆ ఆఫీసుదీ కాదు, అది నాకు ఆలస్యంగా తెలిసింది.

చట్టం దృష్టిలో సమాచారం అంటే ఇప్పటికే ఏదో ఒక రూపంలో ఉన్న రికార్డు. ఫైలు, ఉత్తర్వు, బిల్లు, రిజిస్టరు, ఈమెయిల్. ఫైల్లో ఎవరైనా రాసిన అభిప్రాయం కూడా వస్తుంది. కానీ లేని జవాబును అధికారి మీకోసం కూర్చుని తయారు చేయనక్కర్లేదు. సీబీఎస్‌ఈ కేసులో 2011లో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. దిద్దిన తమ జవాబు పత్రాలను విద్యార్థులు చూసుకోవచ్చని చెప్పిందీ అదే తీర్పు. పదో తరగతి పిల్లలకు ఈ రెండో ముక్క ముందు చెప్పండి, మొదటి ముక్క దానంతటదే ఎక్కుతుంది.

కాబట్టి నా సూత్రం: ఎందుకు, ఎప్పుడు, ఎలా అనే మాటలు అర్జీలో కనబడకూడదు. కనబడితే కొట్టేయండి. "మరి ఎందుకు అని అడగకపోతే ఇంకేం అడగాలి అంకుల్?" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతారు. "నాన్నా, ఆ పని జరిగి ఉంటే ఏయే కాగితాలు పుట్టి ఉండాలి? వాటినే అడుగు" అంటాను. ఫుట్‌పాత్ వేశారంటే ముందు ఎస్టిమేట్ ఉండాలి. వర్క్ ఆర్డర్ ఉండాలి. ఎంత పొడవు, ఎంత వెడల్పు వేశారో ఇంజినీరు రాసుకున్న ఎం.బుక్ ఉండాలి. డబ్బు చెల్లించిన బిల్లు ఉండాలి. పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగు చేయాల్సిన గడువు కూడా ఒప్పందంలో ఉంటుంది.

అప్పుడు అదే ఫిర్యాదు ఇలా మారుతుంది: "ఫలానా మెయిన్ రోడ్డులో బస్‌స్టాప్ నుంచి మెడికల్ షాపు వరకు ఎడమవైపు ఫుట్‌పాత్‌పై 2023 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు జరిగిన పనులకు సంబంధించి వర్క్ ఆర్డర్, ఎం.బుక్ పేజీలు, చెల్లించిన బిల్లులు, లోపాల బాధ్యత గడువు తెలిపే ఒప్పందం పేజీ, వీటి నకళ్లు ఇవ్వగలరు." కోపం ఎక్కడా లేదు. ఇది చదివిన అధికారికి ఆ ఒక్క లైను జవాబు రాసే వీలు లేదు.

చోటు, తేదీలు, కాగితం పేరు, ఈ మూడూ ఉన్నాయా అని చివరగా వేలు పెట్టి చూపించమనండి. "మా ఏరియాలో" అని రాస్తే ఏ ఏరియా? "ఇటీవల" అంటే ఎప్పుడు? "వివరాలన్నీ" అంటే ఏవి? ఈ మూడు మాటలూ నేను ఎర్ర పెన్నుతో చుట్టేస్తాను.

ఇది అధికారులకు అనుకూలమైన కిటుకు అనుకునేవాళ్లకు నేను రాజస్థాన్ కథ చెబుతాను. 1990ల్లో అక్కడ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం వెంట నడిచిన కూలీలు 'మాకు కూలి ఎందుకివ్వరు' దగ్గరే ఆగిపోలేదు, మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, చూపించమన్నారు. 1994లో మొదలైన బహిరంగ విచారణల్లో ఆ కాగితాలు ఊరందరి ముందూ చదివితే పనికే రానివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు బయటపడ్డాయి. 2005 సమాచార హక్కు చట్టం వెనక ఆ కూలీలు ఉన్నారు.

ఇంకో జాగ్రత్త, ఇందులో రాజీ లేదు. చట్టంలో వయసు పరిమితి రాయలేదు, అయినా అర్జీ మీద పేరు, సంతకం, చిరునామా పెద్దవాళ్లవే ఉండాలి. భూముల తగాదాలు, బిల్డర్లు, పొరుగింటివాళ్ల అక్రమ అంతస్తు, వీటి జోలికి పిల్లలను పంపకండి. ఫుట్‌పాత్, దీపం, పార్కు చాలు. అర్జీ ఎందుకు పెడుతున్నారో కారణం చెప్పాల్సిన పని లేదని సెక్షన్ 6(2) అంటుంది, కాబట్టి "మేము విద్యార్థులం, ప్రాజెక్టు కోసం" అని బతిమాలే వాక్యం కూడా కొట్టేయండి.

పంపడం

కర్ణాటకకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. వాడకండి. పోస్టాఫీసు కౌంటర్ దగ్గర నిలబడి రసీదు తీసుకోవడం కూడా పాఠమే. రసీదు, అర్జీ నకలు ఒక ఫైల్లో పెట్టి, అర్జీ ఆఫీసుకు చేరిన తేదీ నుంచి 30 రోజులు క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. గడువు దాటితే అదే ఆఫీసులోని పై అధికారికి 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. విధాన సౌధ దగ్గర ఆ కమిషన్ ఉన్న భవనం పేరు మాహితి సౌధ. ఒకసారి తీసుకెళ్లి బోర్డు చూపించండి, ఆ మాట ఇక మర్చిపోరు. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు డబ్బు తీసుకోకూడదని కూడా చెప్పండి, పిల్లలు దీన్ని భలే గుర్తుంచుకుంటారు.

జవాబు వచ్చాక

ఎం.బుక్ పేజీ పట్టుకుని మళ్లీ ఆ ఫుట్‌పాత్ దగ్గరికే వెళ్లాలి. ఒకరు పేజీ చదవాలి, ఇద్దరు టేపు పట్టాలి, ఒకరు రాయాలి, ఒకరు రోడ్డు మీదికి ఎవరూ దిగకుండా చూడాలి. పోయిన ఏడాది మా పిల్లలు కొలిస్తే కాగితంలో ఉన్న పొడవుకు నాలుగు మీటర్లు తగ్గింది. ఒకటే సంబరం. నేను మళ్లీ కొలవమన్నాను. రెండోసారి లెక్క సరిపోయింది. ఇంట్లో వాడే ఐదు మీటర్ల టేపుతో ముక్కలు ముక్కలుగా కొలుస్తూ మధ్యలో ఒక ముక్క లెక్కపెట్టడం మరిచారు. అందుకే 30 మీటర్ల టేపు కొనండి, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది.