ఇంగ్లిషు క్రియలు – 12వ పాఠం: జక్స్‌టపోజ్

పోయిన పాఠంలో కంపేర్, కాంట్రాస్ట్ చూశాం. అక్కడ పోలికైనా తేడా అయినా మనమే నోరు తెరిచి చెప్పాలి. జక్స్‌టపోజ్ అలా కాదు. రెండింటిని పక్కపక్కన పెట్టి ఊరుకోవడమే. తేడా కనిపెట్టడం చూసేవాళ్ల పని.

బండల డిపోలో ఇది కళ్లకు కడుతుంది. లేతరంగు బేతంచర్ల బండ ఒక్కదాన్నే చూస్తే మామూలుగానే ఉంటుంది. దాని అంచుకు కడప నల్లబండ ఆనించి చూడండి. లేతది ఎంత లేతో, నలుపు ఎంత నలుపో అప్పుడు తెలుస్తుంది. సిమెంటుతో అతికించలేదు, ఆనించారంతే. అతికిస్తే దానికి జాయిన్ అనే మాట వేరే ఉంది.

మాటలో ముక్కలు రెండు. మొదటిది లాటిన్ యుక్‌స్తా, అంటే ‘పక్కన, దగ్గరగా’. లాటిన్‌లో కాడిని యుగుమ్ అంటారు, అది దీనికి చుట్టమే. మన యుక్తం, యోగం, యుగళం కూడా అదే వేరు నుంచి పుట్టినవే. ఒక కాడికి కట్టిన రెండెడ్లు గుర్తుంటే అర్థమూ గుర్తుంటుంది. రెండోది ఫ్రెంచి పోజే, ‘పెట్టు’. నిజానికి ఇది ‘ఆగు’ అనే లాటిన్ పౌసారె నుంచి వచ్చింది. ‘పెట్టు’ అనే పోనెరెతో కలగలిసిపోయి దాని అర్థం లాగేసుకుంది. ఇంకో వింత: నామవాచకం జక్స్‌టపొజిషన్ ఇంగ్లిషులో 17వ శతాబ్దం నుంచే ఉంది, క్రియ 19వ శతాబ్దంలో గానీ రాలేదు.

స్పెల్లింగులో ఎక్స్ తర్వాత నేరుగా టీ రావాలి. ‘క్స్’ వినబడిందని మధ్యలో ఎస్ దూర్చకండి. అమెరికన్లు ఎక్కువగా ‘జక్స్’ మీద ఒత్తుతారు, బ్రిటిష్‌వాళ్లు ‘పోజ్’ మీద. జక్స్‌టపొజిషన్‌లో మాత్రం ఒత్తు ‘జి’ మీదే.

ఇక వాడుక. పెట్టేవాళ్లు ముందు, తర్వాత క్రియ, ఆపైన ఒక వస్తువు, విత్, రెండో వస్తువు. గండికోటలో మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు ఒకే కోటలో ఉన్నాయి. రెండింటి ఫొటోలు ఒకే పేజీలో వేస్తే:

ద ఎడిటర్ జక్స్‌టపోజ్డ్ ద టెంపుల్ విత్ ద మాస్క్.

విత్ బదులు అండ్ పెట్టినా సరే.

ఎక్కువమంది జారేది ఇక్కడ: ‘ద టెంపుల్ జక్స్‌టపోజెస్ విత్ ద మాస్క్’ అని రాస్తారు. గుడి తనంతట తాను వెళ్లి పక్కన కూర్చోదు. పెట్టినవాళ్లు తెలియకపోతే కర్మణి వాడండి: ఈజ్ జక్స్‌టపోజ్డ్ విత్. ‘వ్యతిరేకించు’ అనే అర్థంలో వాడటం ఇంకో పొరపాటు. అది ఆపోజ్. చెప్పులు పక్కపక్కన విడిచినదానికి ఈ మాట వాడితే నవ్వుతారు. పుట్ సైడ్ బై సైడ్ చాలు. జక్స్‌టపోజ్ రాతకు, బొమ్మలకు, సినిమా షాట్లకు నప్పే మాట.

అభ్యాసం: రామగిరి గుట్టల మీద గాలిమరలు ఒక ఫొటో, శనక్కాయ చేనులో కలుపు తీస్తున్న కూలీలు ఇంకో ఫొటో. ఫొటోగ్రాఫర్ కర్తగా ఒక వాక్యం, ఫొటోలు కర్తగా ఒక వాక్యం రాయండి. రెండోదాంట్లో జక్స్‌టపోజ్డ్ ముందు ఆర్ (ఈజ్‌కు బహువచనం) మరిచిపోయారేమో చూసుకోండి.