ఆర్డరు బట్ట, సొంత తెర: కలంకారీ చిత్రకారులకి ఒక లెక్క

దుపట్టాల మీద నెమళ్లు వేస్తూ వేస్తూ ఏడాది గడిచిపోతుంది. మనసులో ఉన్న పెద్ద తెర (కథని గడులుగా, బొమ్మలుగా వేసే పెద్ద బట్ట) మాత్రం బొగ్గు గీత దగ్గరే ఆగిపోతుంది. శ్రీకాళహస్తి కలంపనిలో ఇది తరచూ కనిపించే బాధ. చాలాసార్లు దీనికి మూలం ధర కట్టడంలోనే ఉంటుంది కాబట్టి లెక్కతోనే మొదలుపెట్టండి.

నెలలో పని జరిగేది 24 రోజులు అనుకుందాం. ముందు 5 రోజులు సొంత తెరకి తీసి పెట్టండి. సరుకు తేవడం, ఫొటోలు, ప్యాకింగు, బేరాలకి ఇంకో 3 రోజులు పోతాయి. ఇక డబ్బు తెచ్చేవి 16 రోజులే. ఇంటి ఖర్చు 24,000, అద్దె, కరెంటు, ఉతుకు కూలి కలిపి 4,800 అయితే మొత్తం 28,800. దాన్ని 16తో భాగిస్తే రోజు కూలి 1,800. రెండున్నర రోజులు పట్టే దుపట్టాకి కూలి 4,500, బట్ట, పాలు, రంగులకి 900, వెరసి 5,400. (అంకెలు ఉదాహరణకే, మీవి వేసుకోండి.) అదే 28,800ని 24తో భాగిస్తే రోజుకి 1,200, దుపట్టా 3,900కే వెళ్లిపోతుంది. ఆ ధరకి ఒప్పుకుంటే సొంత తెరకి ఒక్క పూట కూడా మిగలదు.

షాపుకి ఇచ్చేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. షాపు అమ్మకపు ధరలో 30 శాతం ఉంచుకుంటుందంటే, 5,400కి 30 శాతం కలిపి 7,020 అని రాస్తారు. అందులో 30 శాతం పోతే చేతికొచ్చేది 4,914. అంటే దుపట్టాకి 486 నష్టం. 5,400ని 0.7తో భాగించాలి: సుమారు 7,715. మీరు నేరుగా అమ్మినా అదే ధర ఉంచండి. లేకపోతే షాపువాళ్లు మళ్లీ సరుకు అడగరు.

కలంపనిలో ఎదురుచూపులు ఎక్కువ, అది మనకి కలిసొచ్చే విషయం. బెల్లం, తుప్పుపట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో ఊరి కసిమి (గీతకి వాడే నల్ల రంగు) తయారవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పటిక పూసిన బట్ట ఆరి నిలవాలి. ఆ ఎదురుచూపు రెండింటికీ ఒక్కసారే అయ్యేలా, సొంత తెరకి విడిగా నానబెట్టడం, ఉడకబెట్టడం పెట్టుకోకండి. గంజి పోయేలా ఉతికిన గాడా బట్టని గేదె పాలు, కరక్కాయ పొడి కలిపిన నీళ్లలో ముంచే రోజున, ఆర్డరు ముక్కలతో పాటు మీ రెండు మీటర్లూ ముంచేయండి. ఎర్రరంగు కాగులో కూడా కలిపే వేయండి. ముంచేటప్పుడు మాత్రం తొందర వద్దు. పాలల్లో కొవ్వు తగ్గితే గీత పాకుతుంది, కరక్కాయ చాలకపోతే కసిమి నల్లబడదు, మబ్బు రోజున ఆరబెడితే పాల కంపు పట్టుకుంటుంది. కసిమి మరీ ఘాటుగా ఉంటే కొన్నేళ్లకి గీత వెంబడి బట్ట చివికిపోతుంది. అమ్మకానికైనా సొంతానికైనా ఈ జాగ్రత్త ఒక్కటే.

తెరకి తీసి పెట్టిన ఆ 5 రోజుల్ని గంటలుగా పంచి, రోజులో చెయ్యి స్థిరంగా ఉండే మొదటి రెండు గంటలు సొంత గీతకివ్వండి. ఆర్డరు బట్టలో రంగు నింపడం మధ్యాహ్నం తర్వాతైనా సాగుతుంది. తారుమారు చేస్తే అలసిన చెయ్యే తెర మీదకి వస్తుంది, ముఖాల్లో, కళ్లల్లో అది దాగదు.

ఆర్డరు తీసుకునేటప్పుడు సగం డబ్బు ముందే తీసుకోండి. చింతపుల్లల బొగ్గుతో వేసిన బొమ్మ ఫొటో పంపి, "సరే" అని వాట్సాప్‌లో రాతపూర్వకంగా వచ్చాకే కసిమి పట్టండి. బొగ్గు దులిపితే పోతుంది. కరక్కాయ పట్టిన బట్ట మీద కసిమి పడ్డాక తుడిచేది లేదు. "నల్ల గీత పడ్డాక మార్పులు అడిగితే కొత్త బట్ట, కొత్త ధర" అని ముందే చెప్పండి.

ఇంకో మాట చాలామందికి తెలియదు. కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవారే. మీ డిజైన్ రేపు స్క్రీన్ ప్రింటుగా వేల మీటర్లు దిగినా నోరెత్తలేరు. కాబట్టి బిల్లు మీదే "ఈ బట్ట మాత్రమే అమ్ముతున్నాం, డిజైన్ హక్కు చిత్రకారునిదే" అని రాసి, కొనేవారి సంతకం తీసుకోండి. పెద్ద ఆర్డరైతే వకీలుకి చూపించి రాయించడం మేలు.

స్క్రీన్ ప్రింటు ధరతో పోటీకి దిగకండి, అక్కడ గెలుపు లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి 2005-06లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, కానీ ఆ గుర్తు వాడుకోవడానికి అధీకృత వాడుకదారుగా ఎవరికి వారు నమోదు చేయించుకోవాలి. ప్రతి బట్టకి ఒక చీటీ కట్టండి: ఎన్ని రోజుల పని, ఏ రంగు దేని నుంచి వచ్చింది, ఎవరి చెయ్యి.

ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరుల్లో బట్ట ఆరదు. ఆ నెలల్లో డెలివరీ తేదీలు ఒప్పుకోకుండా, తెరకి కావలసిన గడుల విభజన, గడుల కింద నడిచే తెలుగు రాత కాగితం మీద పూర్తి చేసుకోండి. దీనికోసం మిగతా నెలల రాబడిలో కొంత తీసి పెట్టాలి. రెండు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకపోతే, పూర్తయిన తెరని సగం ధరకి తెగనమ్ముకోవాల్సి వస్తుంది. తెర వెంటనే అమ్ముడుపోకపోతే దాని అంచు లతనో ఒక చిన్న బొమ్మనో తీసి, పది దుపట్టాల్లో రెండింటి మీద వేసి చూడండి. అవి ముందుగా అమ్ముడుపోతే తర్వాతి విడతలో నాలుగు వేయండి, నెమళ్లు ఆరుకి తగ్గించండి.