పై షడ్జమం దగ్గర గొంతు చీలితే: నాకు పనిచేసిన స్ట్రా సాధన

పాడేటప్పుడు పై షడ్జమం, అంటే పై స్థాయి 'స' దగ్గరికి రాగానే నా గొంతు బిగుసుకుపోయి చీలిపోయేది. మిరియాల పాలు, తేనె, శ్రుతి తగ్గించడం, ఇంకా గట్టిగా పాడటం ఏవీ పనిచెయ్యలేదు. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న మా మాస్టారు చేతికి ఒక స్ట్రా ఇచ్చారు. గ్లాసు నీళ్లలో దాని చివర 2 సెంటీమీటర్లు ముంచి, దవడ వదులుగా పెట్టి, 'ఊ' అంటూ మంద్రం (కింది స్థాయి) నుంచి పైకి జారుతూ వెళ్లి మళ్లీ దిగాలి, బుడగలు మాత్రం ఆగకూడదు, ఆగితే ఊపిరి తగ్గినట్టే, అక్కడి నుంచి మళ్లీ. తర్వాత స్ట్రా తీసేసి అదే 'ఊ', అది నిలిచాకే 'ఆ', చివర్లో సరళీ స్వరాలు (సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు). నీళ్లు ఎదురొత్తడంతో స్వరతంత్రులు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోవు, అందుకే బిగువు పోతుంది. అందరికీ ఇదే కుదురుతుందని చెప్పలేను. బొంగురు 3 వారాలు దాటితే మాత్రం ముందు ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.